అమ్మలు ఎక్కని రైలు

మా పాప బడిలో చదవమన్నారని మిషెల్ మాగోరియన్ నవల ‘గుడ్‌నైట్ మిస్టర్ టామ్’ (1981) మా ఇంటికొచ్చింది. యుద్ధభయంతో లండన్ నుంచి పల్లెకు పంపిన విలియం, వాణ్ణి అక్కున చేర్చుకున్న ముసలి టామ్. నేనూ కళ్ళు తుడుచుకున్నాను. అయినా నాకో పేచీ ఉంది.

1939 సెప్టెంబరు 1 నుంచి మూడు రోజుల్లో బ్రిటన్ సుమారు 15 లక్షల మందిని నగరాలు దాటించింది. అందులో తల్లులూ, పసిబిడ్డలే 5 లక్షల పైచిలుకు. నవలలో విలియం తల్లి రైలెక్కదు; లండన్‌లోనే ఉండి, కొడుకుని హింసించే రాక్షసిగా మిగులుతుంది. అలాంటి తల్లి ఉండదని కాదు. కానీ తల్లి నుంచి విడదీయడమే రక్షణ అనిపించేలా కథ నడిచింది.

చరిత్ర వేరు. ఒంటరిగా వచ్చిన మొదటి పిల్లకి ఇంటివారికి వారానికి పదిన్నర షిల్లింగులిచ్చారు. బిడ్డతో వచ్చిన తల్లికి 5, బిడ్డకి 3. అదీ బసకే, తిండి వాళ్ళదే. పరాయి వంటింట్లో పొయ్యి కోసం పడిగాపులు. పైగా బాంబులు పడలేదు. 1940 జనవరికల్లా తల్లుల్లో అత్యధికులు వెనక్కి వెళ్ళిపోయారు. నా వృత్తి భాషలో చెప్పాలంటే, డేటా తరలించారు గానీ అక్కడ పనిచేస్తుందా అని చూడలేదు.

మేమూ ఉద్యోగాల కోసం పాపని పదినెలలప్పుడు గుంటూరులో అమ్మమ్మ దగ్గర దించి వచ్చాం. ఏడాదిన్నర తర్వాత హైదరాబాదు ఎయిర్‌పోర్టులో వాళ్ళమ్మని చూసి అమ్మమ్మ కొంగు చాటుకి పోయింది.

టామ్ ఇంట్లో ఆ తల్లికీ చోటుండి ఉంటే నవల రాయడం ఇంకా కష్టమయ్యేది. ఇంకా నిజమయ్యేది.