రాళ్ళు పడేసి వెళ్ళినవాళ్ళ కథ

మా అమ్మమ్మకి చదువు రాదు. మేళ్లచెరువులో ఆమె మంచం పక్కన గూట్లో ఒక బైబిలుంటుంది. సెలవులకి వెళ్ళినప్పుడల్లా నేనో, మా చెల్లో చదివి వినిపించాలి. ఏం చదవమంటావు అని అడగక్కర్లేదు. యోహాను సువార్త, ఎనిమిదో అధ్యాయం. వ్యభిచారం చేస్తూ దొరికిందని ఒక ఆడమనిషిని లాక్కొస్తారు. యేసు వంగి నేల మీద వేలితో ఏదో రాస్తుంటాడు. మీలో ఏ తప్పూ చేయనివాడెవడో వాడే ముందు రాయి విసరమంటాడు. పెద్దమనుషులతో మొదలుపెట్టి ఒక్కొక్కరే జారుకుంటారు. అక్కడికొచ్చేసరికి అమ్మమ్మ నవ్వుతుంది. ప్రతిసారీ.

ఆ కథ మొదట యోహాను సువార్తలో లేదు.

ఈ సంగతి నాకు తెలిసింది బార్ట్ ఎర్మన్ రాసిన 'మిస్‌కోటింగ్ జీసస్' (2005) చదువుతున్నప్పుడు. పండితులకి ఇది కొత్త విషయమేం కాదు, పాదరీలకీ కాదు. మనకి దొరికిన యోహాను ప్రతుల్లో అతి పాతవాటిలో ఉన్న రెండు పపైరస్ ప్రతుల్లో (66, 75 నంబర్లవి) ఈ కథ లేదు. నాలుగో శతాబ్దపు సైనాయ్ ప్రతిలో, వాటికన్ ప్రతిలో కూడా లేదు. ఇప్పుడున్న గ్రీకు ప్రతుల్లో మొదట కనబడేది ఐదో శతాబ్దపు బెజా ప్రతిలో. ఆ తర్వాత కూడా దానికి స్థిరమైన చోటు దొరకలేదు. కొందరు లేఖకులు దాన్ని తీసుకెళ్ళి లూకా సువార్త 21వ అధ్యాయం చివర పెట్టారు. భాష కూడా యోహాను భాషలా ఉండదు, లూకాకి దగ్గరగా ఉంటుంది. అందుకే ఇవాళ చాలా ఇంగ్లీషు అనువాదాలు దీన్ని బ్రాకెట్లలో పెట్టి కింద ఒక గమనిక వేస్తున్నాయి.

ఎర్మన్ పుస్తకం బావుంటుంది. అమెరికాలో పెరిగి, మూడీ బైబిల్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివి, బైబిల్లో ప్రతి అక్షరమూ దేవుడు చెప్పి రాయించిందే అని నమ్మిన కుర్రాడాయన. మార్కు సువార్త రెండో అధ్యాయంలో ప్రధాన యాజకుడి పేరు తప్పు పడినట్టుంటే, అది తప్పు కాదని నిరూపించడానికి ప్రిన్స్‌టన్‌లో పెద్ద వ్యాసం రాశాడు. దాన్ని దిద్దిన ప్రొఫెసర్, మార్కే పొరబడి ఉండొచ్చు కదా అని ఒక చిన్న మాట రాసి తిరిగిచ్చాడు. అక్కణ్ణించి గోడకి బీట పడింది. కొత్త నిబంధనలో ఉన్న మాటల కంటే ప్రతుల మధ్య తేడాలే ఎక్కువ అని ఎర్మన్ చెప్పినప్పుడు మనమూ ఉలిక్కిపడతాం. కాస్త ఆగితే ఆయనే అంటాడు, వాటిలో అత్యధిక భాగం స్పెల్లింగులూ లేఖకుల పరధ్యానమూనని.

నా పేచీ లెక్కలతో కాదు. ఆయన సంక్షోభం అక్షరాన్ని నమ్ముకున్నవాడి సంక్షోభం. మా వైపుకి ఈ మతం అక్షరంగా రాలేదు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు, ఎక్కువమందికి చదువు లేదు. నైజాం ఇలాకాలో నల్లగొండ వైపుకి అబ్రహాం ఫ్రీసెన్ అనే రష్యన్ మెన్నోనైటు వచ్చింది 1890 ప్రాంతంలో. పాటలుగా, కథలుగా, చెట్టు కింద చెప్పిన మాటలుగా వచ్చింది. పుస్తకాన్ని తాకనివ్వని ఊళ్ళలో, ఇంట్లో పెట్టుకోగలిగిన మొదటి పుస్తకం అది. దాన్ని ప్రశ్నించడమూ, 'రామాయణ విషవృక్షం' రాసి రంగనాయకమ్మ రామాయణాన్ని ప్రశ్నించడమూ పైకి ఒకేలా కనిపిస్తాయి. ఒకటి కాదు. అక్కడ పెత్తనం చేసిన పుస్తకాన్ని నిలదీస్తున్నాం. ఇక్కడ ఒక ముసలమ్మ గూట్లోంచి ఏదో తీస్తున్నాం.

అలాగని ఆమెకి చెప్పకుండా దాచిపెట్టడం ఇంకా పెద్ద అవమానం. చదువు రానివాళ్ళకి నిజంతో పనేముంది అనుకోవడమే కదా అది.

తెలుగులో ఈ మాట ఎత్తితే రెండు గొంతులే వినబడతాయి. ఒకటి, పొల్లు కూడా మారలేదనే కరపత్రం. రెండోది, అంతా బూటకమనే హేతువాద పుస్తకం. రెండో రకంలో పేరు మోసింది ఎన్.వి. బ్రహ్మం 'బైబిలు బండారం'. ప్రభుత్వం దాన్ని జప్తు చేస్తే రచయిత హైకోర్టుకి వెళ్ళారు. 1950ల చివర కోర్టు జప్తునే సమర్థించింది. పుస్తకాన్ని జప్తు చేయడం తప్పే, అందులో నాకు సందేహం లేదు. కానీ బండారం బయటపెట్టే పద్ధతికి ఒక పరిమితి ఉంది. అది కూడా కరపత్రంలాగే బైబిలంటే నిలువెల్లా ఒకటే ముద్ద అనుకుంటుంది. ఒక రాయి లాగితే మొత్తం కూలాలి, లేదా ఏ రాయీ కదలకూడదు.

నిజానికి మన ఇళ్ళలో ఉన్న పాత తెలుగు అనువాదమే పొల్లు మారలేదనేవాళ్ళకి జవాబు. యోహాను మొదటి పత్రిక ఐదో అధ్యాయం తీయండి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో అక్కడ పరలోకంలో ముగ్గురు సాక్షులున్నారనే మాట ఉంటుంది, త్రిత్వానికి కొండంత ఆధారం. ఎరాస్మస్ 1516లో అచ్చువేసిన గ్రీకు పాఠంలో అది లేదు. గొడవయ్యాక 1522లో చేర్చాడు. మన పాత అనువాదంలో ఆ మాట లేదు. ఆత్మ, నీళ్ళు, రక్తం మాత్రమే ఉన్నాయి. అంటే పాఠపరిశోధన మన ఇళ్ళలోకి ఎప్పుడో వచ్చి కూర్చుంది. కూర్చున్నట్టు మనకెవరూ చెప్పలేదు.

చెప్పడానికి మాటలు లేక కాదు. పాఠభేదం, ప్రక్షిప్తం, పరిష్కరణ, ఇవన్నీ మనకి వాడుకలో ఉన్నవే. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు 693 అచ్చువేశాడు, 1839లో 1,164. ఏవి వేమనవి, ఏవి కావు అని నేటికీ తగువే. దానివల్ల వేమన లేడని ఎవరూ అనలేదు. ప్రతి పద్యమూ వేమనే చెప్పాడని ఒట్టు పెట్టుకోమనీ ఎవరూ అడగలేదు. ఆ బ్రౌన్ తండ్రి కలకత్తాలో పాదరీ అన్న సంగతి ఇక్కడ ఊరికే గుర్తొచ్చింది.

ఒక తేడా ఒప్పుకోవాలి. మా ఊరి శంభులింగేశ్వరుడు పెరుగుతుంటాడని నమ్మకం. శివరాత్రి జాతరకి టేపు పట్టుకుని ఎవరూ వెళ్ళరు. స్థలపురాణాన్ని స్థలపురాణంలా వినే అలవాటు మనకుంది. సువార్తలు అలా వినమనవు. ఫలానా రాజు కాలంలో, ఫలానా అధికారి ఉండగా అని తారీకు వేస్తాయి. తారీకు వేశాక టేపు తేవడం మన తప్పు కాదు. తెస్తే ఒక్కో చోట ఒక్కో కొలత వస్తుంది. యేసు పుట్టినప్పుడు కురేనియ సిరియా అధిపతి అంటాడు లూకా. కురేనియ జనాభా లెక్క క్రీ.శ. 6లో. హేరోదు చచ్చిపోయింది, ఎక్కువమంది చరిత్రకారుల లెక్కలో, క్రీ.పూ. 4లో. దాదాపు పదేళ్ళ తేడా, దాన్ని పూడ్చడానికి కరపత్రాలు పడే తంటాలు చూస్తే జాలేస్తుంది. మరోపక్క యోహాను చెప్పిన ఐదు మంటపాల కోనేరుని ఒకప్పుడు ఉత్త ప్రతీక అని కొట్టిపారేశారు. యెరూషలేములో తవ్వితే ఆ వర్ణనకి సరిపోయే కోనేరు బయటపడింది. పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో కైసరయలో దొరికింది. కోనేరు ఉన్నంత మాత్రాన దాని గట్టున జరిగిన అద్భుతం రుజువు కాదు. అది వేరే ప్రశ్న, తవ్వితే దొరికేది కాదు.

మొన్న వేసవిలో అమ్మమ్మకి చెప్పాను. పాత కాగితాల్లో ఈ కథ లేదంట అమ్మమ్మా, తర్వాతెవరో చేర్చారంట అని. కాసేపు ఏం మాట్లాడలేదు.

"చేర్చిన్రా, ఎవరన్నా తీసేసిన్రా?"

తీసేశారనే అన్నాడు ఐదో శతాబ్దపు అగస్టీను. ఇది వింటే భార్యలకి భయం పోతుందని కొందరు మగవాళ్ళు తమ ప్రతుల్లోంచి కొట్టేశారని ఆయన అనుమానం. అది అమ్మమ్మకి బాగా నచ్చింది. కానీ ఇవాళ్టి పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకోరని కూడా చెప్పాల్సొచ్చింది. కొట్టేసిన కథైతే భాష ఎందుకు మారుతుంది? అయితే యోహాను రాయనంత మాత్రాన కథ కొత్తదైపోదు. పపియా అనే రెండో శతాబ్దపు పెద్దాయన, ప్రభువు ముందు చాలా పాపాల నేరం మోపబడిన ఒక స్త్రీ కథ చెప్పేవాడని యూసేబియసు రాశాడు. అది ఇదేనని రుజువు లేదు, కాకపోవాలనీ లేదు. పుస్తకంలోకి ఎక్కకముందు నోటి మీద నడిచిన కథ అయ్యుండొచ్చు.

"నోటి మీదనా? మరి నాకూ అట్లనే వచ్చింది గదా," అంది. వాళ్ళమ్మ చెప్పిందట, గూట్లోకి పుస్తకం రాకముందే.

ఆ అధ్యాయం చుట్టూ పెన్సిలుతో సన్నగా గీత గీశాను, ఆమెకి చూపించే. మళ్ళీ చదవమంది.