మంచురోడ్డు మీద వెనక చక్రాల బండి

డెట్రాయిట్, టొరంటో, మినియాపొలిస్ వైపు తెలుగువాళ్ళ విందుకు నవంబరులో వెళ్తే ఒక సలహా ఉచితంగా దొరుకుతుంది. వేసవిలో ముచ్చటపడి మస్టాంగో మియాటానో కొన్న కుర్రాణ్ణి పట్టుకుని, "దాన్ని గరాజ్‌లో పెట్టేసి చలికాలానికి ఒక ఎస్‌యూవీ చూసుకో నాయనా" అంటారు పెద్దలు. వెనక చక్రాలు తోసే బండి మంచులో గింగిరాలు తిరుగుతుందని వాళ్ళ భయం. ఆ పెద్దల్లో చాలామంది ఊళ్ళో అంబాసిడర్ నడిపినవాళ్ళే. అదీ వెనక చక్రాల బండేనని గుర్తుచేస్తే, "అక్కడ మంచేదీ?" అంటారు. నిజమే. కానీ వాళ్ళ సలహాలో సగమే నిజం. మిగతా సగం టైర్లను లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల పుట్టింది.

మోంటే కార్లో ర్యాలీ సంగతి చూడండి. జనవరిలో ఆల్ప్స్ కనుమల మీద జరిగే పోటీ అది. 1968లో విక్ ఎల్ఫర్డ్, 1969లోనూ 1970లోనూ బ్యోర్న్ వాల్డెగార్డ్ దాన్ని గెలిచింది పోర్షే 911 మీద. ఆ కారుకు ఇంజనూ వెనకే, తోసే చక్రాలూ వెనకే. 1971లో, 1973లో గెలిచిన ఆల్పైన్ ఏ110ది కూడా అదే అమరిక. 1975 నుంచి వరసగా మూడేళ్ళు సాండ్రో మునారి లాన్సియా స్ట్రాటోస్‌తో గెలిచాడు. నాలుగు చక్రాలూ తోసే ఆడి క్వాట్రో రంగంలోకి దిగాక కూడా, 1983లో వాల్టర్ రోర్ల్ వెనక చక్రాల లాన్సియా 037తో మొదటి స్థానంలో నిలిచాడు. ఆ ఏడు దారిలో మంచు తక్కువన్న మాట దాచను. అయినా ఆ ర్యాలీలో సగం ఆట టైర్లదే. కొండ కింద తారురోడ్డు పొడిగా ఉంటుంది, పైన కనుమ దగ్గర ఐసు, నీడపడ్డ మలుపులో రాత్రి గడ్డకట్టిన నీటిపొర. ఎక్కడెక్కడ ఐసు ఉందో రాసుకురావడానికి పోటీ కారు కంటే ముందు ఒక బండిని పంపుతారు. ఏ టైరు వేయాలన్న నిర్ణయం తప్పితే ఎంత గొప్ప డ్రైవరైనా వెనకబడాల్సిందే.

ఆస్ట్రియాలోని జెల్ ఆమ్ జేలో ఇంకో ముచ్చట ఉంది. అక్కడ ఫెర్డినాండ్ పోర్షే పేరుమీద 1952 నుంచి ఐసు పందాలు నడిపారు. కారుకు కట్టిన తాడు పట్టుకుని వెనక స్కీల మీద ఒక మనిషి జారుతూ వచ్చేవాడు. 1974లో ఆగిపోయిన ఆ పందాలను 2019లో మళ్ళీ మొదలుపెట్టారు. వెనక చక్రాల బండిని మంచులో నడపడం అక్కడివాళ్ళకు తరాలుగా అబ్బిన విద్య.

ఇక అసలు లెక్క. ఒక్కో టైరు నేలను పట్టుకునేది అరచేతి మేర. పొడి తారురోడ్డు మీద ఘర్షణ గుణకం 0.8 నుంచి 1 దాకా ఉంటుంది. తొక్కి గట్టిపడ్డ మంచు మీద అది 0.2, 0.3కి పడిపోతుంది. ఐసు మీద 0.1 దరిదాపుల్లో ఉంటుంది. ఇందులో ఒక మెలిక ఉంది. మైనస్ ఇరవై డిగ్రీల ఐసు కంటే సున్నా దగ్గరి ఐసు ఎక్కువ జారుతుంది, పైన సన్నటి నీటిపొర ఉంటుంది కాబట్టి. కొత్తగా వచ్చినవాళ్ళు గజగజ వణికించే రోజున జాగ్రత్తపడి, "ఇవాళ పరవాలేదు, కాస్త వెచ్చగా ఉంది" అనిపించిన రోజున గుంటలోకి వెళ్ళేది ఇందుకే.

టైరుకున్న పట్టును నెల జీతంలా చూసుకోవాలి. బ్రేకుకు కొంత, మలుపుకు కొంత, వేగం పెంచడానికి కొంత. మలుపులోనే అంతా ఖర్చయితే యాక్సిలరేటర్‌కు ఇవ్వడానికి ఏమీ మిగలదు. ముందు చక్రాల బండిలో తిప్పడం, లాగడం రెండు ఖర్చులూ ముందు టైర్ల మీదే పడతాయి. వెనక చక్రాల బండిలో ముందు టైర్లు తిప్పే పని చూసుకుంటే, వెనకవి తోసే పని చూసుకుంటాయి. పట్టు తప్పితే ముందు చక్రాల బండి తిరగకుండా నేరుగా పోతుంది, వెనక చక్రాల బండి తోక విసురుతుంది. తోక విసరడం భయపెడుతుంది కానీ, సీటులోంచి నడుముకు ముందే కబురు అందుతుంది. ఆ కబురు వినడం నేర్చినవాడికి ఇది దాపరికం లేని బండి.

అయితే ఆ విద్య అంతా సరైన టైరు ఉంటేనే. స్పోర్ట్స్ కార్లు చాలావరకు షోరూం నుంచి వేసవి టైర్లతో వస్తాయి. ఉష్ణోగ్రత ఏడు డిగ్రీల కిందికి దిగితే ఆ రబ్బరు బిగుసుకుపోతుంది. గడ్డకట్టే చలిలో వాటితో బండి కదిపితే రబ్బరు పగుళ్ళు తీయవచ్చని తయారీదార్లే హెచ్చరిస్తారు. "నేను మెల్లగానే నడుపుతాగా" అన్న వాదన ఇక్కడ చెల్లదు. మెల్లగా వెళ్ళే బండి కూడా ఆగాలి కదా.

చలికాలపు టైరుకు పేరు తెచ్చింది ఫిన్లాండ్. ఇప్పుడు నోకియన్ అంటున్న సంస్థ 1934లో లారీల కోసం మంచు టైరు చేసింది, 1936లో కార్లకు హక్కపెలీటా తెచ్చింది. దుకాణంలో ఇలాంటి టైరును దగ్గరగా చూడండి. దిమ్మల నిండా కత్తితో కోసినట్టు సన్నటి వంకర గాట్లుంటాయి. బొటనవేలితో దిమ్మను పక్కకు నెడితే గాట్లు నోళ్ళు తెరుస్తాయి. ఆ అంచులే మంచును కరుస్తాయి. దిమ్మల మధ్య కాలువల్లో ఇరుక్కున్న మంచు కూడా రోడ్డు మీది మంచును పట్టుకుంటుంది. రబ్బరు మీద గోరు నొక్కితే, వేసవి టైరు కంటే ఎంత మెత్తనో అర్థమవుతుంది.

టైరు పక్కన ఉండే గుర్తుల విషయంలో మోసపోకండి. ఎం ప్లస్ ఎస్ అన్న గుర్తు వేయడానికి ఏ పరీక్షా అక్కర్లేదు. మూడు శిఖరాల కొండ, దాని మీద మంచుపువ్వు బొమ్మ ఉంటే ఆ టైరు మంచు మీద పరీక్షకు నిలిచిందని అర్థం. జర్మనీలో 2024 అక్టోబరు నుంచి చలికాలపు టైరంటే ఆ బొమ్మ ఉన్నదే. అయినా, ఆ పరీక్ష మంచు మీద పట్టు గురించే, ఐసు గురించి కాదు.

ఇక ఏది కొనాలి? ఇందులో రెండు జాతులున్నాయి. ఒకటి మధ్య ఐరోపా రకం. మిషెలిన్ పైలట్ ఆల్పిన్, పిరెల్లి సొట్టొజీరో లాంటివి. పొడిరోడ్డు మీద స్టీరింగు పదును నిలుపుతాయి, గంటకు 240 కిలోమీటర్ల దాకా తట్టుకునే వి రేటింగు దొరుకుతుంది. రెండోది మేకులు లేని ఐసు రకం. బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్, మిషెలిన్ ఎక్స్-ఐస్ లాంటివి. బ్లిజాక్ పుట్టుక చెప్పుకోదగ్గది. మేకుల టైర్లు జపాన్ ఉత్తరాది నగరాల రోడ్లను అరగదీసి, ఆ దుమ్ముతో ఊపిరాడనివ్వలేదు. 1988లో సూక్ష్మరంధ్రాలున్న రబ్బరుతో బ్లిజాక్ వచ్చింది, 1990లో మేకుల టైర్లను కట్టడి చేస్తూ చట్టం వచ్చింది.

ఎప్పటికప్పుడు మంచు తోసి ఉప్పు చల్లే హైవేల మీదే మీ రోజు గడుస్తుంటే మొదటి రకం చాలు. ఇంటి వీధి వారాల తరబడి ఐసుగా ఉండే చోట రెండో రకమే వేయండి. నా మొగ్గు రెండోదానికే. స్టీరింగు కాస్త బద్ధకిస్తుంది, మలుపులో దిమ్మలు కదులుతున్నట్టుంటుంది. నాలుగైదు నెలలు భరించాలి.

సైజులో కూడా మోజు తగ్గించుకోవాలి. పందొమ్మిది అంగుళాల చక్రాలతో వచ్చిన బండికి, బ్రేకు కాలిపర్ తగలకపోతే, పద్దెనిమిదో పదిహేడో వేయండి. వెడల్పు కాస్త తక్కువ టైరు మంచు మీద తేలకుండా కోసుకుంటూ దిగుతుంది. టైరు గోడ ఎత్తుగా ఉంటే గోతులూ తట్టుకుంటుంది. టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే లోడ్ ఇండెక్స్ మాత్రం తగ్గకూడదు.

"అన్నా, తోసేవి వెనకవేగా, రెండే మారిస్తే సరిపోదా?" అని అడుగుతుంటారు తమ్ముళ్ళు. చాలదు తమ్ముడూ. బ్రేకు భారంలో పెద్దవాటా మోసేది, బండిని తిప్పేది ముందు టైర్లు. వెనక పట్టు ఉండి ముందు లేకపోతే, బండి చక్కగా కదిలి చక్కగా వెళ్ళి ముందున్నదాన్ని గుద్దుతుంది. నాలుగూ మార్చాలి.

పాతవి కొనేటప్పుడు టైరు గోడ మీద డాట్ అక్షరాల వరసలో చివరి నాలుగు అంకెలు చదవండి. 3523 అంటే 2023లో 35వ వారం. గాడి లోతు 4 మిల్లీమీటర్ల కింద ఉంటే వదిలేయండి. స్వీడన్, ఫిన్లాండ్ చట్టాలు 3 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటాయి కానీ, అప్పటికే మంచులో పస తగ్గిపోతుంది. గాలి కూడా చూసుకోవాలి. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు తగ్గినప్పుడల్లా దాదాపు ఒక పీఎస్‌ఐ పడిపోతుంది. క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు తప్పనిసరి. ఒంటారియోలో తప్పనిసరి కాదు గానీ, వేసుకుంటే బీమా సంస్థ తగ్గింపు ఇవ్వాలి.

నడిపే తీరుకు వద్దాం. మాన్యువల్ గేరైతే రెండో గేరులో కదలండి, చక్రం ఊరికే తిరగదు. బ్రేకు పనంతా బండి నేరుగా ఉన్నప్పుడే ముగించండి, మలుపులో పాదం నిలకడగా ఉండాలి. అందరూ తప్పేది ఒకచోట. మలుపు మధ్యలో భయమేసి యాక్సిలరేటర్ మీద కాలు ఒక్కసారి తీసేస్తారు. బరువు ముందుకు దూకుతుంది, వెనక తేలికవుతుంది, తోక జారుతుంది. గేరు టక్కున తగ్గించినా అంతే. ఇంజన్ బ్రేకింగ్ మొత్తం వెనక చక్రాల మీదే పడి, హ్యాండ్‌బ్రేక్ లాగినంత పని అవుతుంది. అప్పుడు క్లచ్ తొక్కితే వెనక చక్రాలు మళ్ళీ స్వేచ్ఛగా తిరుగుతాయి.

తోక జారిందంటే చూపు గుంట మీద కాదు, వెళ్ళాల్సిన దారి మీద ఉండాలి. చేతులు చూపు వెంటే వెళ్తాయి. తోక ఎటు జారితే స్టీరింగు అటే తిప్పాలి. ఇంతవరకు చాలామందికి తెలుసు. తోక వెనక్కి రావడం మొదలవగానే స్టీరింగును వెంటనే నేరుగా విప్పేయడం తెలియదు. అది ఆలస్యమైతే బండి రెండోవైపుకు, మొదటిదానికంటే గట్టిగా విసురుతుంది. ప్రమాదాలు ఎక్కువగా ఆ రెండో విసురులోనే.

స్కాండినేవియా ర్యాలీ డ్రైవర్లు ఇదే విసురును ఆయుధం చేసుకున్నారు. కుడి మలుపు ముందు బండిని కాస్త ఎడమకు తిప్పి, కాలు తీసి తోకను కదిలించి, ఆ ఊపుతోనే కుడికి మళ్ళిస్తారు. దాన్ని స్కాండినేవియన్ ఫ్లిక్ అంటారు. మామూలు రోడ్డు మీద దాని జోలికి పోకండి. కానీ ఆ దేశాల్లో జారుడు నేర్పడం ర్యాలీలకే పరిమితం కాదు. స్వీడన్‌లో లైసెన్సు కావాలంటే జారుడు ట్రాక్ మీద శిక్షణ తప్పనిసరి. మన పిల్లలకు కొత్త ఫోను కొనే డబ్బుతో ఒకరోజు అలాంటి ట్రాక్ మీద కూర్చోబెడితే మేలు.

స్టెబిలిటీ కంట్రోల్ ఆపకండి. మంచులో కూరుకుపోయి ముందుకూ వెనక్కూ ఊగించి బయటపడాల్సినప్పుడు మాత్రం ట్రాక్షన్ కంట్రోల్ తీసేయవచ్చు. ఒక్క చక్రమే ఊరికే తిరగకుండా అడ్డుకునే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ బండి కదలడంలో సాయం చేస్తుంది కానీ, రెండు చక్రాలూ కలిసి జారితే తోకనూ కలిపే తీసుకుపోతుంది. డిక్కీలో ఇసుక బస్తాలు వేసే పాత అమెరికా అలవాటు పికప్ ట్రక్కులకు పనికొచ్చేది. స్పోర్ట్స్ కారులో ఆ బరువునూ బ్రేకు ఆపాలి, గట్టిగా ఆపితే బస్తా ముందుకొస్తుంది.

టైరు తీర్చలేనిది ఒకటుంది, నేలకూ బండికీ మధ్య ఎడం. మంచు బంపరు ఎత్తును దాటితే బండి దాని మీద తేలుతుంది, చక్రాలు గాల్లో తిరుగుతాయి. అలాంటి రోజున బస్సెక్కండి. ఇంకో శత్రువు ఉప్పు. డెట్రాయిట్ నగరం కిందే, వెయ్యి అడుగులకు పైగా లోతులో, రోడ్ల మీద చల్లే ఉప్పు గని ఉంది. మైనస్ పది దిగితే ఆ ఉప్పు ఐసును పెద్దగా కరిగించదు, కానీ మీ బండి అడుగును తింటూనే ఉంటుంది. వారానికోసారి అడుగుభాగం కడిగించండి, చలికాలానికి చవకరకం చక్రాలు విడిగా కొనుక్కోండి. పగలూ రాత్రీ ఏడు డిగ్రీలు దాటాక ఆ చక్రాలు తీసేయాలి. ఎండలో ఆ మెత్తటి రబ్బరు ఇట్టే అరిగిపోతుంది, బ్రేకు వేస్తే ఆగే దూరమూ పెరుగుతుంది.