హార్మోనిస్టు చేతిలో నాటకం

హిందూపురం, మడకశిర వైపు పల్లెల్లో కురుక్షేత్రం ఆడాలని నలుగురు అనుకుంటే ముందు వెతికేది హార్మోనియం మాస్టారిని. కృష్ణుడెవరు, దుర్యోధనుడెవరు అన్నది తర్వాతి సంగతి. ఎవరి గొంతు ఎంత శ్రుతిలో నిలబడుతుందో చూసి వేషాలు పంచేది ఆయనే. పొలం పనులు ముగించుకుని వచ్చినవాళ్ల చేత రాత్రిళ్లు పద్యాలు వల్లె వేయించేదీ, వరసలు కట్టేదీ, నాటకం రోజున తెల్లవార్లూ వేదిక పక్కన కూర్చుని వాయించేదీ ఆయనే. సంగీత దర్శకుడు, గురువు, వాద్యబృందం అన్నీ ఒక్క మనిషే. నాటక చరిత్రలో మాత్రం నటులకు, కవులకు దక్కిన పేజీలు ఆయనకు దక్కలేదు.

తెలుగు నాటకానికి పాట నేర్పిన పెద్దమనిషి ఈ నేలమీదే పుట్టాడు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో ధర్మవరంలో జన్మించారు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. 1882లో అది ఏర్పడేదాకా ధర్మవరం, పెనుకొండ, హిందూపురం అన్నీ బళ్లారి జిల్లాలోవే. ఆచార్యులవారు ఆ బళ్లారిలోనే వకీలుగా స్థిరపడ్డారు. ధార్వాడ నాటక సమాజాలు, పార్సీ కంపెనీలు ఊరూరా తిరుగుతూ హిందుస్తానీ మట్లు వినిపిస్తున్న కాలమది. ఆయన 1886లో సరసవినోదిని సభ పెట్టి, మరుసటి ఏడాది ‘చిత్రనళీయం’ ఆడించారు. వచనం, పద్యం, పాట మూడూ కలిసిన నాటకం తెలుగువాళ్ల ముందుకు వచ్చింది. రాశారు, ఆడించారు, స్వయంగా వేషం కట్టారు. ‘విషాద సారంగధర’తో తెలుగు రంగస్థలానికి విషాదాంతాన్నీ రుచి చూపించారు. 1912లో కన్నుమూసేనాటికి ఆంధ్ర నాటక పితామహుడన్న పేరు ఆయనకు స్థిరపడింది.

నాటకంలోకి పాట వచ్చాక దాన్ని మోసే వాద్యం కావాలి. పారిస్‌లో అలెగ్జాండర్ డెబెన్ 1842లో పేటెంటు పొందిన హార్మోనియం మన దేశానికి చేరింది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేలమీద కూర్చుని చేత్తో గాలి కొట్టుకునేలా మలిచారు. నాటకాలవాళ్లకు మాత్రం కాళ్లతో తొక్కే లెగ్ హార్మోనియం మీద మోజు ఎక్కువ. కాళ్లు గాలి చూసుకుంటే రెండు చేతులూ మెట్లమీదే ఉంటాయి. దాని గొంతు పెద్దది, బహిరంగ ప్రదర్శనలో చివరి వరసదాకా వినిపిస్తుంది.

మొదటి పాఠం శ్రుతి. తెల్లమెట్లను ఒకటి, రెండు, మూడు అనీ, నడుమ నల్లమెట్లను ఒకటిన్నర, రెండున్నర అనీ లెక్కపెడతారు. మైకులు లేని రోజుల్లో నాలుగు, అయిదు శ్రుతుల్లో ఖంగుమనిపించే గొంతుకే పేరు. ఒక్క రాత్రిలో ఒకడు నాలుగు శ్రుతిలో పాడతాడు, ఇంకొకడు అయిదున్నర. పాత్ర మారినప్పుడల్లా షడ్జమం మారుతుంది. అదే మోహన రాగం కొత్త మెట్లమీదికి ఎక్కాలి, అదీ తడుముకోకుండా.

ఇక పద్యం. పాటకు తాళం ఉంది, పద్యానికి లేదు. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు, చంపకమాలలో 21. నటుడు ఏ అక్షరాన్ని సాగదీస్తాడో, ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో ముందే రాసిపెట్టి ఉండదు.

రాయబారంలో కృష్ణుడు మోహనలో ఒక ఉత్పలమాల ఎత్తుకున్నాడనుకుందాం. హార్మోనిస్టు ముందుగా షడ్జమ పంచమాలు పట్టి, రెండు మూడు స్వరాల్లో రాగం మొహం చూపిస్తాడు. నటుడు మొదలుపెట్టగానే కుడిచెయ్యి గొంతు వెంట వెంట్రుకవాసి దూరంలో నడుస్తుంది. నటుడు ఊపిరి పీల్చుకున్న చోట, అతను ఇప్పుడే వేసిన సంగతిని అందుకుని హార్మోనియం ఆ ఖాళీ పూరిస్తుంది. నాలుగో పాదం చివర ఆలాపన మొదలై గొంతు తారస్థాయి షడ్జమంలో నిలబడితే వేళ్లు కదలకూడదు, గాలి తగ్గకూడదు. జనం ‘వన్స్ మోర్’ అంటే మళ్లీ మొదటినుంచి, ఈసారి సంగతులు వేరు. సీసపద్యమైతే పాదానికో రాగం మార్చే నటులూ ఉంటారు, మలుపులో ముందుండి దారి చూపాల్సింది హార్మోనిస్టే. నటుడు పద్యం మరిచిపోతే ఎత్తుగడ స్వరాలు వాయించి గుర్తుచేస్తాడు, శ్రుతి జారితే షడ్జమం గట్టిగా పలికించి లాక్కొస్తాడు.

అమెరికాలో జాజ్ పియానిస్టులు గాయకుల వెనక చేసే పని దీనికి చాలా దగ్గర. మూకీ సినిమాలకు పియానో వాయిస్తూ ఎదిగిన కౌంట్ బేసీ, అతి తక్కువ స్వరాలతో బృందాన్నంతా నడిపించడంలో దిట్ట. ఎక్కడ వాయించకూడదో తెలియడం ఆయన విద్యలో పెద్ద భాగం. మన హార్మోనిస్టు విద్యలోనూ అంతే.

హార్మోనియానికి వ్యతిరేకులూ గట్టివాళ్లే. 1940లో ఆలిండియా రేడియో దాన్ని నిషేధించింది, మూడు దశాబ్దాలదాకా సడలించలేదు. మెట్టుమీద స్వరం కదలదు, గమకం పలకదు అన్నది అభియోగం. అది నిజమే. శహన, ముఖారి రాగాల్లో స్వరం ఊగాలి. అనుభవమున్న హార్మోనిస్టు పక్కమెట్టును తాకీ తాకనట్టు తాకి, గాలి పెంచి తగ్గించి ఆ ఊపును స్ఫురింపజేస్తాడు. అదీ చాలనప్పుడు చెయ్యి తీసి, ఆ చోటును గొంతుకే వదిలేస్తాడు.

రెండో అభ్యంతరం ఇంటినుంచే వచ్చింది. ఆచార్యులవారి మేనల్లుడు, 1880లో తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ, రాగాల సాగదీత నటనను మింగేస్తోందని వాదించాడు. పెనుకొండకు రాజధాని మారడానికి కారణమైన విజయనగర పతనాన్ని కోలాచలం శ్రీనివాసరావు ‘రామరాజు చరిత్ర’గా రాస్తే, అందులో పఠాను పాత్రను రాఘవ నటనబలంతోనే నిలబెట్టాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. అర్థం చెదిరేంత రాగం నాటకానికి చేటే. అయితే ఆ హద్దు కాపాడగలిగిన మనిషి కూడా హార్మోనిస్టే. ఆలాపన ఎక్కడ ముగించాలో నటుడికి సైగచేసేవి ఆయన వేళ్లే.

హిందూపురానికి దగ్గర్లోని లేపాక్షి నాట్యమండపం చూసినవాళ్లకు పక్కవాద్యం వాయించే మనిషికి ఇంత గౌరవం ఇవ్వడం కొత్తగా తోచదు. పెనుకొండలో విజయనగర ప్రభువుల కొలువుచేసిన విరూపణ్ణ సోదరులు 16వ శతాబ్దంలో కట్టించిన గుడి అది. నడుమ రంభ ఆడుతుంటే చుట్టూ స్తంభాలమీద బ్రహ్మ మద్దెల వాయిస్తాడు, తుంబురుడు వీణ పడతాడు. పక్కవాద్యం వాయించేవాడికి అక్కడ స్తంభమంత చోటు ఇచ్చారు.

సినిమా కూడా ఈ విద్యకు రుణపడింది. ‘జగదేకవీరుని కథ’కు బాణీలు కట్టిన పెండ్యాల నాగేశ్వరరావు, ‘సువర్ణసుందరి’ ఆదినారాయణరావు ఇద్దరూ నాటకాల హార్మోనియం దగ్గర చెయ్యి తిప్పుకున్నవాళ్లే. వాళ్ల పాటలు రికార్డులుగా మిగిలాయి. పల్లె మాస్టార్లు కట్టిన వరసలకు ఆ భాగ్యం లేదు. అవి స్వరలిపిలో లేవు, నేర్పినవారి వేళ్లలో, నేర్చినవారి గొంతుల్లో ఉన్నాయి. ఒక పెద్ద మాస్టారిని కూర్చోబెట్టి, కురుక్షేత్రం పద్యాలు ఏ రాగంలో, ఏ శ్రుతిలో, ఎవరి దగ్గర నేర్చారో చెప్పించుకుంటూ రికార్డు చేయడానికి ఇప్పుడు ఒక ఫోను చాలు. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం విద్యార్థులు సెలవుల్లో చేయదగ్గ పని ఇది. మొదలుపెట్టడానికి ధర్మవరంకన్నా తగిన ఊరు లేదు.