ఒక నిమిషపు రక్ష

రక్ష వేసినంత మాత్రాన వశీకరణ చెరిగిపోదు. పాత్రలు ధరించి ఆడే బల్ల ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాలన్నిటిలోకీ నాకు అందంగా తోచేది ఇదే. ‘ప్రొటెక్షన్ ఫ్రమ్ ఈవిల్’ అనే చిన్న మంత్రం 1974 నాటి తొలి ఆటలోనే ఉంది. 1989లో వచ్చిన రెండో ఎడిషన్ దాని కాపుదలను మనసు దాకా విస్తరించి స్పష్టంగా రాసింది. రక్తపిశాచి చూపుకు లొంగిన మనిషి లొంగే ఉంటాడు. పిశాచి ఆజ్ఞ మాత్రం రక్షను దాటి లోపలికి రాదు. మనసుకు కట్టు అలాగే ఉంది, కట్టినవాడి గొంతే చేరడం లేదు. ఒకే మనిషిలో రెండు మంత్రాలు, ఏదీ చావకుండా, ఎదురెదురుగా. ఇంత సున్నితమైన స్థితిని నియమావళి భాషలో పట్టుకున్నవాళ్లకు నమస్కారం పెట్టాలి.

2003 నాటి 3.5 ఎడిషన్ దీనికి కాలం తోడు చేసింది, రసం అక్కడ పండింది. మనిషిని లొంగదీసే ‘డామినేట్ పర్సన్’ ఐదో స్థాయి మంత్రం. తొమ్మిదో లెవెల్‌కి చేరిన విజార్డ్‌కి గాని అందదు. వేస్తే, వేసినవాడి లెవెల్‌కో రోజు నిలుస్తుంది. రక్ష మొదటి స్థాయిది, లెవెల్‌కో నిమిషం. అంటే నిన్నగాక మొన్న విద్య మొదలుపెట్టిన శిష్యురాలు వశమైపోయిన స్నేహితుడి భుజం తాకి రక్ష వేస్తే, మహామాంత్రికుడి తొమ్మిది రోజుల పట్టు పది రౌండ్లపాటు అణిగిపోతుంది. రౌండుకు ఆరు సెకన్లు. తర్వాత పట్టు మళ్లీ వస్తుంది, ఆ సంగతి బల్ల చుట్టూ కూర్చున్న అందరికీ తెలుసు.

ఆ నిమిషంలో అతను ఏం చేయాలి? కత్తి అవతల పడేసి ‘నన్ను కట్టేయండి’ అనవచ్చు. శత్రువు రహస్యం చెప్పవచ్చు. ఇన్నాళ్లూ తన చేతులు చేసిన పనులకు ఏడవవచ్చు. ఏది చేసినా రౌండ్లు ఖర్చవుతాయి. కరుణరసానికి ఇంత కచ్చితమైన కొలత నాటకంలో కూడా దొరకడం కష్టం. పాచికల ఆటలో పాచికలు పక్కన పెట్టి అందరూ ఒకే మనిషి వైపు చూసే ఘట్టం ఇది.

మనసును కట్టేసే ఈ మంత్రాల మాటలు ఎడిన్‌బర్గ్‌లో మరింత గట్టిగా పలుకుతాయి. అక్కడి విశ్వవిద్యాలయ విద్యార్థుల ఆటల సంఘం గ్రాండ్ ఎడిన్‌బర్గ్ అడ్వెంచరింగ్ సొసైటీ. పొడి అక్షరాల్లో అది గెయాస్, మనిషిని ఒక పనికి కట్టిపడేసే మంత్రం పేరే. 1889లో తెరిచిన టెవియట్ రో హౌస్‌లో వాళ్లు నడుపుతూ వచ్చిన సమ్మేళనానికి పేరు కన్‌పల్షన్, బలవంతపు కట్టు అనే అర్థమున్న ‘కంపల్షన్’ మీద శ్లేష. చిత్రమేమంటే, గెయాస్ ముందు మన రక్షకు పని ఉండదనే నా అభిప్రాయం. 3.5లో రక్ష ఆపేది వేసినవాడు ఎడతెగకుండా నడిపించే వశీకరణనే. గెయాస్ వేసినవాడు ఆజ్ఞ ఒక్కసారి ఇచ్చి వెళ్లిపోతాడు. ఆపడానికి దారిలో గొంతే లేదు. ఆ ఆజ్ఞ అప్పటికే మనిషి సొంత బాధ్యతలా లోపల కూర్చుంది.

మన లక్ష్మణరేఖ కథలో లోతు కూడా ఇదే. గీత రావణుణ్ణి ఆపింది. భిక్ష అడిగిన మాటను ఆపలేదు. సీతమ్మ ఏ వశీకరణకూ లోబడలేదు, అతిథిధర్మం కొద్దీ తన కాళ్లతోనే దాటింది. ఆటలోనూ అంతే. తియ్యటి మాటకారి మనిషి ఒప్పిస్తానంటే ఏ రక్షా అడ్డు రాదు.

తర్వాతి కూర్పులు ఈ అందాన్ని కొంత పోగొట్టాయి. 3.5 నుంచి పుట్టిన 2009 నాటి పాత్‌ఫైండర్ ఆటలో రక్ష వేశాక మరో సేవింగ్ త్రో, అంటే తప్పించుకునే పాచిక, గెలవాలి, అదీ దుష్టుడు వేసిన మంత్రమైతేనే. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో రక్ష పిశాచాలు, దేవతలు, యక్షిణుల వంటి జాతుల మీదే పనిచేస్తుంది. సాటి మనిషి వేసిన వశీకరణను తాకదు. మనిషిని మనిషే లొంగదీసుకోవడం కంటే భయంకరమైనది ఈ ఆటలో లేదు, దాన్నే వదిలేశారు.

అయితే ఆ 2014 మంత్రానికి కావలసిన సామగ్రిలో వెండి, ఇనుము పొడి ఉన్నాయి. అది చదివినప్పుడు నాకు ఎడిన్‌బర్గ్‌లో చదువుకుని అబర్‌ఫోయిల్‌లో మతబోధకుడైన రాబర్ట్ కిర్క్ గుర్తొస్తాడు. యక్షిణులు ఎత్తుకుపోకుండా ప్రసవించే స్త్రీ పక్కలో కొండజనం రొట్టె గాని, బైబిల్ గాని, ఇనుపముక్క గాని పెట్టేవారని 1690ల మొదట్లో అతను రాశాడు. మన బాలింత మంచం మీద తలగడ కింద పెట్టే ఇనుపముక్క అదే. ఆ ఇనుము పొడిని అలాగే ఉంచి, 2003 నాటి నిమిషాన్ని వెనక్కి తెచ్చి, మనిషి వేసిన వశీకరణకూ దాన్ని వర్తింపజేసే డంజన్ మాస్టర్, అంటే ఆట నడిపేవాడు, ఎవరైనా ఉంటే, ఆ బల్ల దగ్గర వశమైపోయిన పాత్ర నాకే ఇమ్మని అడుగుతాను.