తొమ్మిదో అంతరాయం

ఆదివారం ఒక పెళ్ళిలో పెరుగన్నం కలుపుకుంటుంటే ఎదుటి వరుసలో ఒకాయన వచ్చి కూర్చున్నాడు. 12 ఏళ్ళ కింద ఆయన అప్పుకి నేను హామీ సంతకం పెట్టాను. ఆయన కట్టడం మానేశాడు, వాయిదాలన్నీ నా జీతంలోంచి పోయాయి. "బాగున్నారా అన్నయ్యా?" అన్నాడు. బాగున్నానన్నాను. చేతిలో ముద్ద నోటిదాకా రాలేదు. చెవులు వేడెక్కిపోయాయి.

నా తెల్లవారుజాము సాధన సంగతి ఈ కాలమ్ చదివేవాళ్ళకి కొత్త కాదు. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న ధమ్మఖేత్తలో పది రోజుల విపశ్యన శిబిరం చేశాను. మొదటి మూడు రోజులూ శ్వాసను గమనించడమే పని. నాలుగో రోజు నుంచి ఒంట్లో పుట్టే వేడినీ నొప్పినీ చూస్తూ ఊరుకోవడం నేర్పుతారు. ఈ మధ్య నెలల తరబడి ఆయన పేరైనా గుర్తు రాకపోయేసరికి, ఆ కోపం వదిలిందనుకున్నాను. తీరా చెవులు వేడెక్కినప్పుడు నేర్చుకున్నదేదీ తలపుకి రాలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక చిన్నప్పటి శివరాత్రి జాగారాలు గుర్తు చేసుకున్నాను. నాయనమ్మ బొగ్గుల కుంపటి పక్కన వైకుంఠపాళి పటం పరిచేది. నిచ్చెనల మీద పుణ్యాల పేర్లు, పాముల మీద పాపాల పేర్లు. నా పావు చింతపిక్క, తనది విరిగిన గాజుముక్క. గవ్వలు గలగలలాడించి వేసేది. తెల్లవారుజామున పై వరుసకి చేరిన నా పిక్కని పెద్ద పాము మింగితే, అడుగు వరుసలో తేలేది. నేను ఏడుపు అందుకుంటే, "ఆట అయిపోలేదుగా, గవ్వలు పట్టు" అనేది. జారితే ఎక్కిందంతా పోయినట్టేనన్న లెక్క నాకు ఆ పటమే నేర్పింది.

పతంజలి లెక్క వేరు. యోగసూత్రాల మొదటి పాదంలో సాధనకి తొమ్మిది అంతరాయాలు చెప్పాడు. ఎనిమిదోది అలబ్ధభూమికత్వం, అంటే ఎంత చేసినా మెట్టు అందకపోవడం. తొమ్మిదోది అనవస్థితత్వం, అందిన మెట్టు మీద నిలవలేకపోవడం. మెట్టు అందనివాడికి ఆ తొమ్మిదోది రానే రాదు. ఈ వారం నాకు పట్టుకొమ్మ ఆ ఒక్క మాటే.

సాధనలో లెక్కలు రాసుకోవద్దని ఇక్కడ చాలాసార్లు వాదించాను. ఇవాళా అదే రాద్దామని కూర్చుని పాత డైరీలు తీశాను. శిబిరానికి ముందు ఏడాది ఆయన్ని బజార్లో దూరం నుంచి చూసిన రోజు "నిద్ర లేదు" అని ఉంది. అలా వరసగా పదకొండు రాత్రులు. మరుసటి ఏడాది ఎదురుపడ్డప్పుడు నాలుగు. ఆ పై ఏడాది, సాధన చక్కగా సాగుతున్న రోజుల్లోనే, మళ్ళీ తొమ్మిది. ఈసారి ఆదివారం ఒక్క రాత్రే. వచ్చేసారి ఎన్నో చెప్పలేను. కానీ రాసి ఉండకపోతే ఆ పదకొండూ నాకు గుర్తుండేవి కావు, ఈ ఒక్క రాత్రికే కుంగిపోయేవాణ్ణి. అందుకని నా పాత మాట వెనక్కి తీసుకుంటున్నాను. రాసుకోండి. కోపం ఎన్నిసార్లు వచ్చిందన్నది వదిలేసి, ఎన్ని రాత్రులు ఉండిపోయిందో రాసుకోండి.

ఇంట్లో ధ్యానానికి కూర్చునేవాళ్ళు ఎప్పుడైనా కసురుకుంటే, "ఇన్నాళ్ళూ చేసింది ఇందుకేనా?" అని మాత్రం అనకండి. ఆ మాట పడ్డాక నేను రెండు నెలలు చాప పరవలేదు.