ఈ ధ్వజ మెవరిది?

గత వారము నరసరావుపేటలో ఒక మిత్రుని యింట గోడకు వ్రేలాడుచున్న పటాలపు జెండా నొకదానిని చూచి వచ్చినది మొదలు నా మనస్సు కుదుటబడలేదు. నడుమ కిరీటము, దాని క్రింద పటాలపు సంఖ్య, అంచున షోలింగూరు అను యుద్ధనామము జరీదారముతో కుట్టియున్న ఆ పతాకమును, 1781లో సర్ ఐర్ కూటు సేనలు హైదరాలీతో తలపడిన షోలింగూరు రణరంగమున మన తెలుగు సిపాయిలు మోసిన దని నమ్మబలికి, ఒక వర్తకుడు ఆయనకు పెద్ద మొత్తమునకు అంటగట్టినాడు. మిత్రుడు దానికి అద్దపు చట్రము కట్టించి, క్రింద ‘1781’ అని ఇత్తడి రేకు కూడ బిగించినాడు. పోయిన రూకలు ఎట్లును పోయినవి. ఆ రేకును చూచి ఆయన మనుమలు రేపు దానినే చరిత్రగా నేర్చుకొందు రన్నదే నా బాధ.

ఈ శీర్షికను ఎడతెగక చదువువారికి నా పాత పట్టుదల తెలియును. నాణెము గానిండు, తామ్రశాసనము గానిండు, మాచర్ల పొలములలో ఒరిగి పడియున్న వీరగల్లు గానిండు, ముందు వస్తువును చూడవలెను, ఆ తరువాతనే దానిమీది వ్రాతను చదువవలెను. జెండాల విషయమున ఈ నియమము మరింత అవసరము. ఏలయన పటాలపు ధ్వజము చిరుగు వస్తువు. ఎండకు, వానకు పట్టు చివికిపోగా, పటాలమునకు క్రొత్త ధ్వజమును మంత్రపూర్వకముగ ఇచ్చి, పాతదానిని గౌరవముతో భద్రపరచుట ఆచారము. పూర్వయుద్ధముల పేర్లన్నియు క్రొత్త బట్టమీదికి ఎక్కును. కావున జెండామీద కనబడు యుద్ధము ఎన్నడు జరిగినదను ప్రశ్నకును, ఆ బట్ట ఎన్నడు నేసినదను ప్రశ్నకును సంబంధము స్వల్పము. షోలింగూరు సంగతియే చూడుడు: యుద్ధము 1781లో జరిగినను, ఆ పేరును ధ్వజముమీద ధరించు గౌరవము మద్రాసు పటాలములకు లభించినది 1889లో. అనగా ఆ పేరు గల జెండా యేదియు 1889కి పూర్వపుది కాజాలదు.

తక్కిన గురుతులును ఇట్లే ఒక్కొక్కటి ఒక్కొక్క గడువును చెప్పును. మూలనున్న యూనియన్ జెండాలో ఐర్లండుకు చెందిన ఎఱ్ఱని ఏటవాలు శిలువ యున్నచో అది 1801 జనవరి తరువాతిది. పటాలపు పేరులో ‘నేటివ్’ అను మాట యున్నచో, మద్రాసు సేనకు సంబంధించినంతవరకు 1885కి ముందుది. 1903లో కిచెనరు దొర చేసిన పునర్వ్యవస్థలో మద్రాసు పదాతి దళముల పాత సంఖ్యలకు అరువది చేర్చిరి. పదునైదవ పటాలము డెబ్బదియైదవ కర్ణాటిక్ పటాలమైనది అట్లే. విక్టోరియా రాణి కాలపు కిరీటపు తీగెలు నడుమ క్రిందికి వంగియుండును. 1901 తరువాత రాజుల కిరీటములో అవి గుమ్మటమువలె పైకి లేచియుండును. 1950లో కిరీటమే పోయి అశోకుని సింహములు వచ్చినవి. ఆ యేడే పాత రాజధ్వజములను డెహ్రాడూన్ సైనిక విద్యాలయపు చెట్వుడ్ భవనమున భద్రపరచిరి. అందువలన అసలైన పటాలపు ధ్వజము అంగడికి వచ్చుట మిక్కిలి అరుదు. వచ్చునవి చాలవరకు విడిదుల గుర్తు జెండాలు, బాకాలకు వ్రేలాడగట్టు చిన్న పతాకములు. రైఫిల్ పటాలములైతే బ్రిటిషు సంప్రదాయములో ధ్వజమునే మోయవు. ఈ ఒక్క సంగతి తెలిసినను ఎందఱో మోసపోకుందురు.

మిత్రుని జెండామీది సంఖ్య అరువదికి పైబడినది. అంతటితో 1781 మాట చెల్లిపోయినది. మిత్రుని అనుమతితో చట్రము విప్పి, వెనుకనుండి వ్రేలాడు దారపు పోగు నొకదానిని తీసి, వీధి చివరి కిరాణా కొట్టులో దొంగనోట్లను పట్టు నీలిదీపము క్రింద పెట్టితిమి. అది తెల్లగా మెరసినది. ఆ మెరుపునిచ్చు రసాయనములు దారమునకు పట్టినవి రెండవ ప్రపంచ యుద్ధపు కాలమునకు అటునిటుగా. పిమ్మట దానినే అగ్గిపుల్లకు చూపితిమి. పట్టైనచో వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపినంతనే పొడియగు బూడిద మిగులవలెను. ఇది ముడుచుకొని, కరగి, గట్టి నల్లని పూసగా మిగిలినది. పాలియెస్టరు! ఆ పూసను మిత్రుడు అరచేతిలో ఇటునటు దొరలించి చూచుకొనుచు చాలసేపు మాటాడలేదు.

ఇంతవరకు వచ్చి ఆగియుంటినేని, వస్తుపరీక్షయే సర్వమని ముగించి యుందును. కాని ఆ రాత్రి తిక్కనగారి విరాటపర్వము తెఱచితిని. ఉత్తర గోగ్రహణ ఘట్టమున అర్జునుడు ఉత్తరునకు కౌరవవీరులను చూపు సీసపద్యము బడిలో చదివినవారికెల్ల కంఠస్థమే. బంగారు వేదిక గల కేతనము ద్రోణునిది, సింహపు తోక అశ్వత్థామది, వృషభము కృపునిది, శంఖము కర్ణునిది, పాము దుర్యోధనునిది, తాటిచెట్టు భీష్మునిది. పటాలముల ధ్వజములను పోల్చు విద్యకు మన భాషలో ఇంతకు మించిన పాఠము లేదు. ఆ దూరమున ముఖములు కనబడవు, కేతనములే కనబడును. అయితే ఆ కేతనములు ఉత్తరునకును కనబడుచునే యున్నవి గదా? ఆతడేల పోల్చుకొనలేకపోయినాడు? ఆ వీరులతో కూడ పెరిగి, విలువిద్య నేర్చి, పగబట్టి, వారి నెఱిగిన మనుష్యుడు ప్రక్కన నిలిచి చెప్పినప్పుడే ఆ బట్టలకు పేర్లు వచ్చినవి. అంతియే కాదు, సంస్కృత భారతమున కర్ణుని ధ్వజముపై నున్నది ఏనుగునడుమునకు కట్టు త్రాడు. తిక్కన దానికి మారుగా శంఖము నుంచినాడు. చిహ్నము మారినను వీరుడు మారలేదు, చదువరి తడబడలేదు. చెప్పువాడు పేరు చెప్పినాడు గనుక.

ఈ మాట తోచినంతనే మనస్సు కారెంపూడికి పోయినది. ఏటేట కార్తిక అమావాస్యనాడు మొదలై రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అను ఐదునాళ్లు జరుగు వీరారాధనకు, ఎక్కడెక్కడి నుండియో ఆచారవంతులు తమ యిండ్లలోని వీరుల ఆయుధములగు కొణతములను తెచ్చి, నాగులేటిలో స్నానము చేయించి, పసుపు కుంకుమలతో పూజించి వీరుల గుడికి మోసికొనిపోవుట పలనాటివారికి నేను చెప్పనక్కరలేదు. ఆ ఆయుధముల కఱ్ఱ మారియుండును, ఇనుము మారియుండును. పలనాటి యుద్ధము జరిగిన పండ్రెండవ శతాబ్దపు దానిని చూపుమని పట్టుబట్టువాడు అక్కడ ఏమియు నేర్చుకొనలేడు. ఏ కొణతము ఏ వీరునిది, దానిని ఏ యింటివారు మోయుదురు, ఆ హక్కు వారికెట్లు వచ్చినది అను మూడు సంగతులు అక్కడ ఎడతెగక చెప్పబడుచునే యున్నవి. పటాలముల ఆచారమును ఇదియే: బట్ట చిరుగును, క్రొత్తది వచ్చును, పేర్లు సాగును.

కావున ఇన్నాళ్లు కాలనిర్ణయమునకు నేనిచ్చిన పెద్దపీటను ఇప్పుడు రెండవ వరుసకు జరుపుచున్నాను. మోసమును పట్టుటకు నీలిదీపము, అగ్గిపుల్ల చాలును. కాని నిజమైన జెండా చేతికి వచ్చినప్పుడు, దాని కిరీటమును, సంఖ్యను, కుట్టును చూచి పదిపదునైదేండ్ల గడువులో దాని కాలమును తేల్చగలము గాని, అది మోసినవా డెవడో, ఏ యూరివాడో, ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినదో ఎన్ని దీపములు పెట్టినను తేలదు. తేదీ తెలిసి పేరు పోయిన జెండాకంటె, తేదీ తెలియక పేరు నిలిచిన జెండాయే విలువైన దని నా తీర్పు. తేదీని పరీక్షించువారు రేపైనను దొరకుదురు. పేరు చెప్పగల ముసలమ్మ రేపు ఉండకపోవచ్చును.

గురజాల, మాచర్ల, దుర్గి, వెల్దుర్తి ప్రాంతములలో పటాలములలో కొలువు చేసి వచ్చిన తాతల పెట్టెలు నేటికిని అటకలమీద నుండవచ్చును. వానిలో జెండాపేలిక గాని, పటాలపు గుర్తు గల రుమాలు గాని, కాంగ్రెసు ఉద్యమపు రోజుల రాట్నపు జెండా గాని కనబడినచో దానిని ఉతుకకుడు, ఇస్త్రీ చేయకుడు, ప్లాస్టిక్కు పొరలో అతికింపకుడు. పాత మడతలమీదనే మరల మడువక, ఉతికిన తెల్లని నూలుబట్టలో వదులుగా చుట్టి పొడిచోట ఉంచుడు. తరువాత ఇంటి పెద్దల నడిగి, ఒక కాగితముమీద పెన్సిలుతో ఆ సైనికుని పేరు, తండ్రి పేరు, ఊరు, పటాలపు సంఖ్య, అది మీ యింటికి వచ్చిన దారి వ్రాసి దానితోడనే పెట్టుడు. వర్తకుడు గడప త్రొక్కకముందే ఈ పని చేయుడు.