రెండుకి రెండు, మూడుకి మూడు

1983లో రేడియోషాక్ అమ్మకానికి పెట్టిన టీఆర్‌ఎస్-80 మోడల్ 100ను విలేకరులు ఎంతో ఇష్టపడ్డారు. జపాన్‌లో క్యోసెరా తయారుచేసిన ఈ యంత్రం ఒళ్లో ఇమిడిపోతుంది, నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది. తెర మీద ఎనిమిది వరుసలు, వరుసకు 40 అక్షరాలు. బిల్ గేట్స్ స్వయంగా కూర్చుని కోడ్ రాసిన యంత్రం ఇది. లోపల డిస్క్ లేదు. అందులోని రాతల్ని నేటి పీసీలోకి తేవడానికి దగ్గరి దారి వెనకున్న 25 పిన్నుల సీరియల్ పోర్టు.

కేబుల్ బజార్లో దొరక్కపోదు. అయినా సొంతంగా చేసుకోవడమే మేలు. లోపల ఏ తీగ ఎక్కడికి పోయిందో తెలిస్తేనే రేపు అక్షరం రానప్పుడు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ఆర్‌ఎస్-232 ప్రమాణం 1960లో పుట్టింది. ఒక చివర కంప్యూటర్ లాంటి యంత్రం, రెండో చివర మోడెమ్ ఉంటాయన్నది దాని లెక్క. కంప్యూటర్ ఏ పిన్ను మీద పంపుతుందో మోడెమ్ దాని మీదే అందుకుంటుంది. రెండు కంప్యూటర్లను నేరుగా కలిపితే రెండూ ఒకే తీగ మీద పంపుతాయి, ఇంకో తీగ మీద రెండూ ఎదురుచూస్తూ కూర్చుంటాయి. అందుకే పంపే తీగను అవతలి అందుకునే పిన్నుకు మార్చి కలపాలి. దీన్నే నల్ మోడెమ్ అంటారు.

తడబాటంతా ఇక్కడే. 25 పిన్నుల పోర్టులో 2 పంపేది, 3 అందుకునేది. 1984లో ఐబీఎం పీసీ ఏటీతో వచ్చిన తొమ్మిది పిన్నుల పోర్టులో ఇది తలకిందులు. కాబట్టి ఈ కేబుల్‌లో 2ని 2కే, 3ని 3కే కలపాలి. మార్పిడి దానంతటదే జరిగిపోతుంది. గ్రౌండ్ మాత్రం 7 నుంచి 5కి. అంకెల్ని నమ్మకుండా ఏ పిన్ను ఏ పని చేస్తుందో ముందే కాగితం మీద గీసుకోవాలి.

మోడల్ 100 వైపు మగ కనెక్టర్, పీసీ వైపు ఆడ కనెక్టర్ కావాలి. వెనక నుంచి చూస్తే ఒకదాని వరుస ఎడమ నుంచి, రెండోదాని వరుస కుడి నుంచి మొదలవుతుంది. ప్లాస్టిక్ మీద అచ్చయిన చిన్న అంకెల్ని భూతద్దంతోనైనా చదివాకే సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవాలి. వేడికి ముడుచుకునే గొట్టాన్ని అతుకు వేయకముందే తీగకు తొడగాలి. ఆ తర్వాత మల్టీమీటర్ బీప్‌తో ప్రతి తీగనూ, పక్కపక్క పిన్నులు తగులుకోలేదనీ చూసుకోవాలి.

పీసీకి సీరియల్ పోర్టు లేకపోతే యూఎస్‌బీ అడాప్టర్ వాడొచ్చు. అది ఆర్‌ఎస్-232దే కావాలి. చిన్న సర్క్యూట్ బోర్డుల కోసం అమ్మే 5 వోల్టుల రకం పనికిరాదు: ఈ పోర్టు మీద రుణ వోల్టేజీ కూడా వస్తుంది, అది ఆ చిప్‌ను కాల్చేయగలదు. చివరగా మోడల్ 100లోని టెల్‌కామ్ ప్రోగ్రాం తెరిచి 88ఎన్1ఈ అని సెట్ చేస్తే వేగం 9600 బాడ్. పీసీలోనూ అదే వేగం పెట్టాలి.